మధ్యలో పెట్టిన గొంతు

ఇయర్‌ఫోన్ పని చేయకపోతే మీరు చేసే మొదటి పని ఏమిటో నాకు తెలుసు. పిన్ను పీకుతారు, నోటితో ఉఫ్ అని ఊదుతారు, మళ్ళీ గుచ్చుతారు. ఊదితే బాగుపడేది కట్టెల పొయ్యి ఒక్కటే నాయనా. అయినా మీలో సగం మందికి ఇప్పుడు వైరే లేదు. చెవిలో శనగగింజంత ముక్క పెట్టుకుని మెట్రోలో మీలో మీరే నవ్వుకుంటున్నారు. ఈ సంగతి మీకు పనికొస్తుందని నేను మాట ఇవ్వలేను. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక నాకు కాళ్ళు ఒకచోట నిలవడం లేదు, చేతులు ఊరికే ఉండటం లేదు. అందుకని చెబుతున్నాను.

నేను సౌండ్ ఇంజినీరుగా బతికాను. ఇంజినీరు అన్న పేరు మా ఓనరు పెట్టింది, ఏ కాలేజీ ఇచ్చిందీ కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో వెనక సందులో, ఒక జిరాక్స్ షాపు పైన, గోడలకు దుప్పట్లూ కోడిగుడ్ల అట్టలూ కొట్టిన చిన్న గది మాది. దాన్నే రికార్డింగ్ స్టూడియో అనేవాళ్ళం. చైతన్యపురి కోచింగ్ సెంటర్లకు ఆటోల్లో తిప్పే ప్రకటనలు, బాలాపూర్ వైపు వినాయక మండపాలకు పాటలు, క్రిస్మస్ ముందు సంఘాల వాళ్ళ కీర్తనలు, అన్నీ ఆ గదిలోనే. ఫిబ్రవరి వచ్చిందంటే ఇంకో పని ఉండేది. స్కూళ్ళ వార్షికోత్సవాలకు సినిమా పాటల్లోంచి గొంతు తీసేసి ఉత్త వాయిద్యాలు ఇవ్వడం. పిల్లలు దాని మీద పాడుకుంటారు. ఈ చివరి పనిని గుర్తుపెట్టుకోండి, తర్వాత నా మెడకు చుట్టుకున్నది అదే.

గొంతు తీయడం పెద్ద విద్యేమీ కాదు. ఏ పాటలోనైనా అసలు పాడేవాళ్ళ గొంతును రెండు చెవులకూ సమానంగా, అంటే నడిమధ్యలో పెడతారు. వాయిద్యాలను కొన్ని ఎడమకు, కొన్ని కుడికి సర్దుతారు. ఎడమ వైపు శబ్దంలోంచి కుడి వైపు శబ్దాన్ని తీసేశామనుకోండి, రెండింటిలో ఒకేలా ఉన్నది కొట్టుకుపోతుంది. గొంతు పోతుంది, వాయిద్యాలు మిగులుతాయి. అంతే సంగతి.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు డిపో గేటు దాటి వచ్చేవి కావు. కోచింగ్ సెంటర్ల షట్టర్లు సగం దించి ఉండేవి, లోపల క్లాసు జరుగుతోందో లేదో గుమ్మం ముందు చెప్పులు చూసి తెలుసుకోవాలి. ఇవాళ ఊరేగింపు, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఇంకేదో. మా ఓనరు నల్గొండ వైపువాడు. నేను తెనాలి దగ్గరవాణ్ణి, ఎల్బీనగర్‌లో కిరాయి ఇంట్లో ఏళ్ళ తరబడి ఉన్నవాణ్ణి. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, అది నిజం. కానీ టీ కొట్టు దగ్గర నేను నోరు తెరవగానే పక్కవాళ్ళ మాట కాస్త తగ్గినట్టుండేది. అది నిజంగా జరిగిందో నాకే అలా అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. నా భార్యకు మాత్రం ఏ సందేహమూ లేదు. "కొన్నాళ్ళు మా అమ్మ దగ్గరుండి వద్దామండీ" అని బ్యాగు సర్దేది, బస్సుల్లేవని మళ్ళీ విప్పేది.

అలాంటి రోజుల్లో ఒక లెక్చరర్ మా మెట్లెక్కి వచ్చాడు. ఎల్బీనగర్ వైపు ఉద్యమం పనులు చూసేవాడాయన, మాట స్థిమితం, చెయ్యి మాత్రం ఎప్పుడూ జేబులో తాళాలతో ఆడుతూ ఉండేది. ఆయన వెనక ఒక ఆడమనిషి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో బత్తాయిలు ఏరే పని చేస్తుందట.

"ఈమె పాట రికార్డ్ చేయాలె సార్," అన్నాడు లెక్చరర్. "ఈ వారంల చౌరస్తాల వంటావార్పు పెట్టుకున్నం. రోడ్డు మీదనే వండుకోని తినుడు. ఆలోపట పాట జనం ఫోన్లల్లకు పోవాలె."

పాట ఆమె సొంతంగా కట్టుకున్నది. వాళ్ళ పల్లెలో బోరునీళ్ళు తాగి తాగి తల్లికి ఎముకలు వంకర పోయాయి, ఆ తల్లి మీద పాట. "నీళ్ళు తాగితే నడుము ఒంగె, నీళ్ళకు పోతే పొద్దు గుంకె" అని మొదలవుతుంది. ముందు డప్పు, కోరస్ రికార్డు చేసి, తర్వాత ఆమెను గదిలో నిలబెట్టి పెద్ద హెడ్‌ఫోన్లు తలకు పెట్టాను. ఆమె తీసి పక్కన పెట్టేసింది.

"నా గొంతు నాకెందుకు ఇనిపిస్తవన్నా. అవతలోళ్ళకు ఇనపడితే సాలదా?"

చివరికి ఒక చెవికే హెడ్‌ఫోన్, ఇంకో చెవి మీద అరచెయ్యి పెట్టుకుని పాడింది. ఒక్కసారికే అయిపోయింది. నేను వేలమంది పాటలు విన్నవాణ్ణి, పాట మధ్యలో ఆవలించడం కూడా నాకు అలవాటే. ఆ రోజు మాత్రం పాట అయిపోయాక కూడా రికార్డింగ్ ఆపడం మర్చిపోయాను. ఎవరినీ మెచ్చుకోని మా ఓనరు కళ్ళద్దాలు తుడుచుకునే వంకతో బయటికి వెళ్ళిపోయాడు. "ఎట్లున్నదన్నా?" అని ఆమె అడిగితే, "బాగుందమ్మా" అన్నాను.

నాకు పని నేర్పిన పెద్దాయన ఒకటే మాట చెప్పేవాడు, పాడేవాళ్ళ గొంతు కచ్చితంగా నడిమధ్యలో ఉండాలని. వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగినా తలమీద మొట్టేవాడు. డప్పును ఎడమకు పెట్టాను, కోరస్‌ను కుడికి పెట్టాను, ఆమె గొంతును తూచినట్టు మధ్యలో నిలబెట్టాను. మా గది స్పీకర్లలో వింటే ఆమె ఎదురుగా నిలబడి పాడుతున్నట్టే ఉంది. ఆ సాయంత్రమే లెక్చరర్ మనుషులు మెమరీ కార్డుల్లోకి ఎక్కించుకుని పోయారు. అక్కడి నుంచి బ్లూటూత్‌లో ఫోను నుంచి ఫోనుకు మార్కెట్ అంతా పాకింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఆటో నడిపే తమ్ముడి ఫోను, దానికి వేలాడుతూ ఇయర్‌ఫోన్ వైరు.

"అన్నా, నా గొంతేది?"

నాకు అర్థం కాలేదు. స్పీకర్లలో పాట వేశాను. ఆమె గొంతు గదంతా నిండింది. ఆమె పాట అయ్యేదాకా కదలకుండా నిలబడి వింది.

"గిక్కడున్నది," అంది. "నీ దగ్గర ఉన్నది. జనం దగ్గర లేదు."

ఆ ఫోను తీసుకుని వైరు నా చెవుల్లో పెట్టుకున్నాను. డప్పు దడదడలాడుతోంది. కోరస్ వస్తోంది. ఆమె పాడాల్సిన చోట బోలుగా ఉంది. బాగా చెవి పెడితే ఎక్కడో దూరంగా ఒక ప్రతిధ్వని మాత్రం వినిపిస్తోంది. పలక మీద రాసింది తడిగుడ్డతో తుడిస్తే మిగిలే మరకలా ఉంది. వైరు పీకేసి ఫోను స్పీకర్లో పెడితే మాత్రం గొంతు శుభ్రంగా వచ్చింది.

"గట్ల పెడితే వస్తది," అంది ఆమె. "వైరు పెడితేనే పోతది. కొన్ని ఫోన్లల్ల వైరు పెట్టినా వస్తదట. కొన్నిట్ల రాదు. మార్కెట్‌ల అందరు నన్నే అడుగుతున్నరు, పాడింది నువ్వు కాదా అని."

"గొంతు తక్కువ పడిందేమో. పెంచి మళ్ళీ ఇస్తానమ్మా," అన్నాను. అప్పటికి నాకు తట్టింది అదే. ఆమె గొంతును బాగా పెంచి కొత్తగా చేసి ఇచ్చాను. మా స్పీకర్లలో ఆమె డప్పును కూడా మింగేసింది. ఆమె మొహం తేటపడింది, కిందికి దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమెతో పాటు లెక్చరర్, ఇంకో ఇద్దరు యువకులు వచ్చారు. గొంతు పెంచిన పాట కూడా అంతే. అవే ఫోన్లలో, అలాగే, ఆమె గొంతు ఒక్కటే లేదు. నేను ఎంత పెంచితే అంతా పోయింది.

"సార్, పాట ఖరాబైతే అంత ఖరాబ్ కావాలె," అన్నాడు లెక్చరర్, జేబులో తాళాలు గలగలలాడిస్తూ. "డప్పు పోతలేదు, కోరస్ పోతలేదు. ఈమె గొంతొక్కటే ఎట్ల పోతది? జర మాకు సమజ్ అయ్యేటట్టు చెప్పండి."

యువకుల్లో ఒకడు గోడ మీద చూపు పెట్టి, నెమ్మదిగా అన్నాడు.

"మా స్కూల్ డేకు పాటలల్ల గొంతు తీసిచ్చింది గీ సారే. మాకు ఎరికే."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు అన్నది నిజమే కాబట్టి ఇంకా మండింది. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది, మూసుకోలేదు.

"ఫుట్‌పాత్ మీద కొన్న వైర్లు, చవక ఫోన్లు పెట్టుకుని విని నా పనికి వంక పెడుతున్నారా మీరు?"

లెక్చరర్ జేబులోంచి తన ఫోను తీశాడు. కొత్తది, మెరిసిపోతోంది, మా ఓనరు ఆర్నెల్ల నుంచి అంగడి అద్దంలో చూసి వదిలేసిన రకం. వైరు తగిలించి నా చెవికి అందించాడు. డప్పు ఉంది, కోరస్ ఉంది, ఆమె లేదు. నా నాలుకను నేనే కొరుక్కోవాలనిపించింది.

అప్పుడు ఆమె ముందుకు వచ్చింది. "సార్, తీసేసినవా, తియ్యలేదా? గదొక్కటి చెప్పు."

సార్ అంది. వచ్చినప్పటి నుంచీ అన్నా అని పిలిచిన మనిషి. "తీయలేదమ్మా," అన్నాను. ఆమె తలూపింది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. వాళ్ళు దిగిపోయాక మెట్ల మీద వాళ్ళ మాటలు చాలాసేపు వినిపించాయి.

మా ఓనరు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "ఇంజినీర్ సాబ్, నేను నమ్ముత. నేనొక్కడిని నమ్మితే ఏం ఫాయిదా? రేపు ఎవడో ఒకడు పరేషాన్‌ల ఏమన్న చేస్తే నాకు నువ్వూ ఉండవు, షాపూ ఉండది. వంటావార్పు అయ్యేదాంక రాకు."

"సరే. నీ ఫోను ఇవ్వు," అన్నాను. లెక్చరర్ దగ్గరున్నంత గొప్పది కాదు గానీ అదీ కొత్త రకమే. నాది పాతకాలం ఫోను, దానికి ఇయర్‌ఫోన్ పెట్టే బెజ్జమే లేదు. జీవితమంతా పెద్ద స్పీకర్ల ముందు కూర్చున్నవాణ్ణి, జనం పాటలు ఫోన్లలో వింటున్నారని తెలిసీ ఈ గొడవ వచ్చేదాకా ఒక్కరోజు కూడా అలా విని చూడలేదు. ఓనరు గొణుక్కుంటూ ఫోనూ, దాంతో వచ్చిన వైరూ ఇచ్చాడు.

నేను ఆమె గొంతు తీసేశానన్న మాట నిలబడిపోతే దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు పని ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది అది కాదు, ఆమె సార్ అనడం. ఇంటికి పోయి కూర్చోలేక రోడ్డున పడ్డాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట దాకా నడిచాను, మళ్ళీ వెనక్కి వచ్చాను. డిపో గోడ పక్కన ఇయర్‌ఫోన్లు కుప్ప పోసి అమ్మేవాడి దగ్గర ఆగాను. సమ్మె అయినా బంద్ అయినా అతని దుప్పటి అక్కడే పరిచి ఉండేది. కొనేవాళ్ళకు అతను తన ఫోనులో దుమ్ము లేచే సినిమా పాట ఒకటి పెట్టి వినిపిస్తున్నాడు.

"చూడు సార్, బేస్ ఎట్ల కొడ్తున్నదో."

కొనేవాడు తలూపి తీసుకుపోతాడు. గొంతు వస్తోందా అని ఎవరూ అడగరు. నేను ఒకటి కొని ఓనరు ఫోనుకు పెట్టాను. ఆమె గొంతు లేదు. అమ్మేవాడి ఫోనులోకి పాట పంపి, అదే వైరు దానికి పెట్టాను. ఆమె గొంతు ఉంది. ఓనరు ఫోనుతో పెట్టెలో వచ్చిన వైరును మళ్ళీ ఓనరు ఫోనుకే పెట్టాను. గొంతు ఉంది. అమ్మేవాడు నన్ను వింతగా చూస్తున్నాడు. ఆ వైరులో తప్పు లేదు, ఆ ఫోనులో తప్పు లేదు, పాటలో తప్పు లేదు. పిల్లాడూ మంచివాడే, పిల్లా మంచిదే, జాతకాలే కలవలేదు. కానీ ఎందుకు కలవలేదో నాకు అంతుపట్టలేదు. ఈ మాట చెబితే చౌరస్తాలో నన్ను నమ్మేదెవరు?

ఇంటికి పోయేసరికి నా భార్య మళ్ళీ బ్యాగు సర్దుతోంది. జరిగింది చెప్పాను. ఆమె చీరలు మడత పెడుతూనే విని, "ఏదీ, నన్ను విననివ్వండి" అని ఓనరు ఫోనూ, ఆ ఫుట్‌పాత్ వైరూ లాక్కుంది. చెవుల్లో పెట్టుకుని కాసేపు విని, వైరు మధ్యలో వేలాడే చిన్న ముక్కను, మనం ఫోన్ మాట్లాడేటప్పుడు మాట పట్టుకునే మైకు ముక్కను, రెండు వేళ్ళతో పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకుంది. గొంతు అందులోంచి వస్తుందేమో అనుకుందట.

"ఏవండీ," అంది. "ఇది నొక్కితే ఆమె పాడుతోందండీ."

"ఏది?"

"ఇదిగో, ఈ బటను. నొక్కి పట్టుకుంటే పాడుతోంది. వదిలేస్తే పోతోంది."

చెవిలో పెట్టుకున్నాను. బటను నొక్కాను. ఆమె వచ్చేసింది, నీళ్ళు తాగితే నడుము ఒంగె అంటూ, రెండు చెవుల మధ్యలో, నేను నిలబెట్టిన చోటే. వదిలాను, పోయింది. అలా ఎన్నిసార్లు చేశానో తెలియదు. నేలమీద చతికిలబడి కూర్చున్నాను.

అప్పుడు తెలిసింది. ఆ పిన్నును మీరు చూసే ఉంటారు, నల్లటి గీతలతో నాలుగు ముక్కలుగా ఉంటుంది. రెండు ముక్కలు రెండు చెవులకు. ఒకటి మైకుకు. ఒకటి శబ్దం తిరిగి ఫోనుకు పోయే దారి. ఈ చివరి రెండింటినీ కొన్ని కంపెనీలు ఒక వరసలో పెడితే కొన్ని తిరగేసి పెట్టాయి. వరస కలవని ఫోనుకు వైరు గుచ్చితే తిరుగుదారి మూసుకుపోతుంది. అప్పుడు ఎడమ చెవి, కుడి చెవి ఒకదాన్నుంచి ఒకటి తీసేసుకుంటాయి. మధ్యలో ఉన్నదంతా కొట్టుకుపోతుంది. స్కూల్ డే పాటలకు నేను చేసే పనే అది. బటను నొక్కితే ఆ రెండు ముక్కలూ కలిసిపోయి దారి తెరుచుకుంటుంది. అంటే నన్ను అనుమానించిన ఆ యువకుడు గొంతు ఎలా పోయిందో సరిగ్గానే చెప్పాడు. ఎవరు తీశారన్నదే తప్పుగా చెప్పాడు.

మర్నాడే వంటావార్పు. "నేనూ వస్తా," అంది నా భార్య. "ఆడమనిషి పక్కన ఉంటే ఎవరూ చెయ్యెత్తరు." బ్యాగును మంచం కిందికి తోసి బయలుదేరింది.

ఎల్బీనగర్ చౌరస్తా నిండా జనం. విజయవాడ రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి పొయ్యిలు వెలిగించారు. మా ఊరికి పోయే దారి కూడా అదే, దాని మధ్యలో పప్పు ఉడుకుతోంది. ఒకవైపు వంకాయలు కోస్తున్నారు, ఒకవైపు డప్పు కొడుతున్నారు. నేను రోడ్డు అంచునే ఆగిపోయాను. నా భార్య ఎవరినీ అడగకుండా ఆడవాళ్ళ మధ్యకు పోయి కూర్చుని ఒక కత్తిపీట ముందుకు లాక్కుంది.

నేను లెక్చరర్‌ను పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. పిన్ను అన్నాను, నాలుగు ముక్కలు అన్నాను, వరస అన్నాను. ఆయన వినడానికే ప్రయత్నించాడు పాపం. స్కూల్ డే యువకుడు మధ్యలోకి వచ్చాడు.

"పిన్ను కథ మాకెందుకు సార్. గొంతు ఏడికి పోయిందో చెప్పు."

నలుగురు చుట్టూ చేరారు. నా యాస ఇంకా ఇంకా చిక్కబడుతోంది, భయం వేస్తే నాకు అలాగే అవుతుంది. వెనక నుంచి ఎవరో, "ఆంధ్రోళ్ళు మాటలైతే మస్తు చెప్తరు" అన్నారు. మా ఓనరు దూరంగా అన్నం గంగాళం పక్కన నిలబడి నన్ను చూసి నెత్తి పట్టుకున్నాడు.

ఆ గొడవలో నా భార్య లేచింది. నా చేతిలోంచి ఫోను తీసుకుని నేరుగా ఆ పాడిన ఆమె దగ్గరికి పోయింది. ఆమె పులుసులోకి చింతపండు పిసుకుతోంది, మోచేతుల దాకా తడి.

"చేతులు అలాగే ఉంచమ్మా," అని నా భార్యే ఆమె చెవుల్లో వైరు పెట్టింది. పాట వేసింది. ఆమె మొహంలో మార్పు లేదు, పోయిన గొంతును మళ్ళీ ఎందుకు వినిపిస్తారన్నట్టు చూసింది. నా భార్య బటను నొక్కింది.

ఆమె పిసకడం ఆపింది. కళ్ళు మూసుకుంది. నా భార్య వదిలింది, ఆమె కళ్ళు తెరిచింది. మళ్ళీ నొక్కింది. చింతపండు రసం వేళ్ళలోంచి కారి చీర మీద పడుతున్నా ఆమె చూసుకోలేదు. తన గొంతును ఇయర్‌ఫోన్లలో ఆమె వినడం అదే మొదటిసారి.

లెక్చరర్ తన ఫోను తీసి వైరు పెట్టి బటను నొక్కాడు. పాట ఆగిపోయింది. మళ్ళీ నొక్కితే మొదలైంది, గొంతు లేకుండా. కొన్ని ఫోన్లలో ఆ బటను నొక్కితే పాట ఆగిపోతుందని నాకు ముందే తట్టలేదు.

"ఇదేంది మరి? నా దాంట్ల బందే అయితున్నది," అన్నాడాయన.

"చెప్పిన కదా," అన్నాడు యువకుడు.

ఆమె చేతులు చీర కొంగుకు తుడుచుకుని మా దగ్గరికి వచ్చింది. చెవుల్లో వైరు ఇంకా వేలాడుతూనే ఉంది.

"నాకు ఇనపడ్డది సార్," అంది లెక్చరర్‌తో. "గీయన తియ్యలే. తీస్తే నొక్కినప్పుడు ఏడికెళ్ళొస్తది?"

యువకుడు తన ఫోను తీసి చూసుకున్నాడు, వైరు తగిలించాడు, బొటనవేలితో నొక్కాడు. అతని ఫోనులో వచ్చింది. పక్కవాడికి ఒక చెవి ఇచ్చాడు. చౌరస్తాలో ఒక్కొక్కరే వైర్లు తీసి నొక్కి చూసుకోవడం మొదలుపెట్టారు. కొందరికి వచ్చింది, కొందరికి ఆగింది, ఆగినవాళ్ళు పక్కవాళ్ళ చెవిలోది లాక్కున్నారు. ఆ యువకుడు విస్తరి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నేను అప్పటికి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆమె మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

"మరి జనమంత బొటనవేలు నొక్కి పట్టుకోని తిరుగుతరా అన్నా?"

అన్నా అంది. నాకు విస్తరిలో అన్నం మసకగా కనిపించింది. అడిగిన ప్రశ్న కూడా సరైనదే. నా తప్పు లేదని తేలింది గానీ, ఆమె గొంతు ఇంకా సగం ఫోన్లలో లేదు.

ఓనరు పప్పన్నం చేత్తోనే జేబులోంచి గది తాళం తీసి ఇచ్చాడు. తిన్నాక ఆమెనూ లెక్చరర్‌నూ వెంటబెట్టుకుని స్టూడియోకు నడిచాను. దారి ఒక్కటే ఉంది. మధ్యలో ఉన్నది కొట్టుకుపోతోంది కాబట్టి ఆమెను మధ్యలోంచి తీసెయ్యాలి. గొంతును ఒక పక్కకు పెట్టేస్తే ఏ వైరూ దాన్ని తినలేదు. కానీ మంచి స్పీకర్లలో, మంచి హెడ్‌ఫోన్లలో వినేవాడికి పాట వంకరగా వినిపిస్తుంది, పాడే మనిషి ఒక మూల నిలబడ్డట్టుంటుంది. నేను పని నేర్చుకున్నప్పటి నుంచీ చేయకూడదనుకున్నది అదే. ఆ కుర్చీలో కూర్చుని లేచాను, మళ్ళీ కూర్చున్నాను. మా పెద్దాయన బతికుంటే తలమీద మొట్టడం కాదు, గదిలోంచే గెంటేవాడు.

"ఏమైందన్నా?"

"నిన్ను ఒక పక్కకు జరపాలమ్మా. మధ్యలో ఉంటే వినపడవు. పక్కకు జరిపితే పాట అందం చెడుతుంది. అందుకే చేతులు రావడం లేదు."

ఆమెకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. రెండు స్పీకర్ల మధ్యలో నిలబడి ఉన్నది, అటూ ఇటూ చూసింది. నడుచుకుంటూ పోయి ఎడమ స్పీకరు పక్కన నిలబడింది.

"గిక్కడ సాలునా?"

లెక్చరర్ నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. నేను మీట తిప్పాను. ఆమె గొంతు మధ్యలోంచి కదిలి ఆమె నిలబడిన వైపుకే పోయింది. డప్పునూ కోరస్‌నూ కుడికి సర్దాను. ఓనరు ఫోనుకు ఫుట్‌పాత్ వైరు పెట్టి, ఏ బటనూ నొక్కకుండా విన్నాను. ఉంది. లెక్చరర్ ఫోనులో పెట్టాం. ఉంది. ఆ రోజు చీకటి పడేలోపే పాత పాటను చెరిపేసి కొత్తది పంచారు. మళ్ళీ ఎవరూ మా మెట్లెక్కి గొంతు ఏదని అడగలేదు. నా భార్య బ్యాగు అటకెక్కింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది, మెట్రో వచ్చింది, మార్కెట్ ఊరి బయటికి పోయింది. ఆమె కూడా దాని వెంటే పోయింది. మా గది ఉన్నచోట ఇప్పుడు హాస్టల్ వాళ్ళు బట్టలు ఆరేస్తున్నారు. ఆ పాటను మాత్రం ఎవరో నెట్‌లో పెట్టారు. మొన్న ఏమీ తోచక దాని కింద జనం రాసిన మాటలు చదువుతున్నాను. మీలాంటి కుర్రాడే ఎవరో ఇలా రాశాడు: పాట అద్భుతం, కానీ గొంతు ఎడమ చెవిలోనే వస్తోంది, మిక్సింగ్ చేసినవాడికి ఓనమాలు కూడా రావు.

అవును నాయనా, ఆ ఓనమాలు రానివాణ్ణి నేనే. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. పిన్ను గురించి పెద్ద జవాబు రాయబోయి, చౌరస్తాలో పిన్ను కథ ఎవరు విన్నారో గుర్తొచ్చి ఆపేశాను. ఆమెకు ఫోన్ చేసి చదివి వినిపించాను. వెనకాల లారీల చప్పుడు. ఆమె కాసేపు నవ్వింది.

"ఆయన జరుపలే, నేనే జరిగిన అని రాయన్నా," అంది.

అలాగే రాశాను, ఆమె చెప్పిందని.